కొలకర్ర లేని తొమ్మిది రోజులు

టేపక్క అసలు పేరు ప్రమాణపత్రంలో ఉంది. అక్కడ తప్ప దానితో ఇంకెక్కడా ఎవరికీ పని పడలేదు. బట్టలు కుట్టే మనిషి కనుక మెడలో టేపు వేలాడుతూ ఉంటుంది. దుకాణం మూసినా దాన్ని తీయడం మరిచిపోతుంది. చిత్తడినేలకు వచ్చేటప్పుడూ అది మెడలోనే ఉండేది. అందుకని మా స్వచ్ఛంద బృందంలో అందరికీ ఆమె టేపక్క. ఆమెకన్నా ఆరేళ్ళు చిన్నదైన చెల్లెలు గుండీ. గుండీలు, కాజాలు, వచ్చినవాళ్ళతో కబుర్లు చెల్లెలి వాటా. కత్తిరించడం, కుట్టడం, మాట్లాడకుండా ఉండడం అక్క వాటా. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. దుకాణం వెనకగదిలోనే కాపురం. ముందుగదిలో రెండు మిషన్లు ఎదురెదురుగా ఉండేవి, ఒకరి కాలి చప్పుడు ఇంకొకరికి వినబడేంత దగ్గరగా.

మా పని గురించి ఇక్కడే చెప్పాలి. ఊరి చివర చిత్తడినేల, మధ్యలో నడకకు ఒక కట్ట. కట్టకు తూర్పున చిన్న మడుగు, ఏడాది పొడుగునా నీళ్ళుంటాయి. దాన్ని పూడుస్తామని ఎవరూ అడగలేదు. పడమట పెద్ద మడుగు, ఎండాకాలం ఎండి నెర్రెలు తీస్తుంది. దాన్నే అడిగారు. మా బృందం ప్రతి ఆదివారం గుర్రపుడెక్క పీకుతుంది, చెత్త ఏరుతుంది, గూళ్ళున్న తుంగలోకి మనుషులు పోకుండా తాళ్ళు కడుతుంది. వీటన్నిటికీ ఫొటోలు ఉంటాయి, చప్పట్లు ఉంటాయి. ఫొటో లేని పని ఒక్కటే: పడమటి మడుగులో పాతిన కొలకర్ర మీద నీటిమట్టం చూసి రోజూ పుస్తకంలో రాయడం. పదకొండేళ్ళు ఆ పని అక్కచెల్లెళ్ళది.

పద్ధతి పోస్టు బాబాయ్‌ది. ఆయన ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి విరమించిన మనిషి, బృందానికి పెద్ద. చూసినవాళ్ళు అంకెను పైకి చెప్పాలి. రాసేవాళ్ళు దాన్ని తిరిగి చదవాలి. తిరిగి చదవనిది రీడింగు కాదు. ఉత్తరాల గదిలో చిరునామాలు అలాగే సరిచూసేవారట. పొద్దున్నే ఆరున్నరకు టేపక్క కట్ట చివరి రాయి మీద నిలబడి, ముందుకు వంగి, "యాభై ఒకటి" అనేది. వెనక గుండీ "యాభై ఒకటి, రాశాను" అనేది. ఆ తర్వాత గుండీ ఊరుకునేది కాదు.

"నీళ్ళక్కూడా నడుం కొలత తీస్తున్నావు. ఇక చొక్కా కుట్టడమే తరువాయి."

"గుడ్డ నువ్వు కొనుక్కురా, కుడతాను."

"అబ్బో, ఇవాళ నాలుగు మాటలు మాట్లాడింది మా అక్క. అది కూడా రాయనా పుస్తకంలో?"

చూడనిది రాయకూడదన్నది రెండో నియమం. తుఫాను రోజైనా, ఒంట్లో బాగాలేని రోజైనా, కట్ట మీదికి రాలేకపోతే ఆ గడి ఖాళీగా వదలాలి. పదకొండేళ్ళ పుస్తకాలలో అలాంటి ఖాళీలు ఇరవై మూడు. నేను లెక్కపెట్టాను. నా పని అదే.

గుండీకి ఒక సోమవారం జ్వరం వచ్చింది. బుధవారం ఆసుపత్రిలో చేర్చారు. గురువారం పొద్దున పోయింది. నలభై నాలుగేళ్ళు. దీనికి ముందుగానీ వెనకగానీ చెప్పవలసిన కథ లేదు. వైద్యుల పొరపాటు లేదు, ఆలస్యం లేదు, నింద వేయడానికి ఒక మనిషి లేడు. సోమ, మంగళ, బుధవారాలు టేపక్క ఒక్కతే కట్ట మీదికి వచ్చి, చూసి, తనే రాసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. గురువారం గడి ఖాళీ. శుక్రవారం రీడింగు ఉంది. శనివారం దుకాణం తెరిచింది. ఎవరికో ప్యాంటు జిప్పు శనివారానికి ఇస్తానని గుండీ మాట ఇచ్చి ఉందట.

"చెల్లెలు రాలేదా?" అని అడిగాడట ఆ ప్యాంటు మనిషి.

"రాలేదు," అందట టేపక్క.

ఆదివారం మామూలుగానే బృందం పనికి చేరింది. టేపక్క కూడా వచ్చింది. పొద్దున నలభై ఎనిమిది రాసి, మోకాలి లోతు నీళ్ళలో దిగి, గుర్రపుడెక్క పీకేవాళ్ళ వరసలో నిలబడింది. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు, అందుకని అందరూ డెక్క గురించి మాట్లాడారు. ఆ రోజే కొలకర్రకు రంగు వేయాలి. వానలు తగ్గాక ఏటా ఒకసారి దాన్ని పీకి, గట్టు మీది మా బృందం పాకలోకి మోసుకెళ్ళి, చెరిగిన గీతలూ అంకెలూ మళ్ళీ రాయడం మా ఆనవాయితీ. రాసేది డ్రాయింగు మాస్టారు. ఆయన అంకెలు అచ్చేసినట్టు ఉంటాయి, అచ్చుయంత్రం కన్నా నెమ్మదిగా వస్తాయి. రెండు పూతలు, మధ్యలో ఆరబెట్టడం. కర్ర పాకలో ఉన్నన్నాళ్ళూ దాని స్థానంలో గీతలు పెట్టిన ఒక తాత్కాలిక బద్దను పాతాలి. ఆ బద్దను దాచేదీ, తెచ్చేదీ, పాతేదీ గుండీ.

ఆ ఏడాది బద్ద పాతలేదు.

టేపక్క పక్కనుంచే కొలకర్రను మోసుకెళ్ళారు. వాళ్ళకు దారివ్వడానికి ఆమె నీళ్ళలో రెండడుగులు పక్కకు జరిగింది. మర్నాడు ఆరున్నరకు కట్ట చివరి రాయి మీద నిలబడి, ముందుకు వంగి, కొలకర్ర లేని నీళ్ళ వైపు చూసి, "నలభై ఏడు" అని పుస్తకంలో నలభై ఏడు రాసింది.

అలా తొమ్మిది రోజులు. నలభై ఏడు, నలభై ఏడు, నలభై ఆరు, నలభై ఆరు, నలభై అయిదు, నలభై అయిదు, నలభై నాలుగు, నలభై నాలుగు, నలభై మూడు. పదోరోజున రంగు వేసిన కొలకర్ర తిరిగి నిలబడింది. ఆ రోజు రీడింగు నలభై నాలుగు. చినుకు పడకుండానే మడుగులో నీరు ఒక సెంటీమీటరు పెరిగింది. ఎవరూ గమనించలేదు. పొద్దుటి నడకకు వెళ్ళినవాళ్ళు కట్ట మీద పుస్తకం పట్టుకుని నిలబడ్డ మనిషిని చూశారు. నిలబడింది కనుక చూసే రాస్తోందనుకున్నారు. బద్ద సంగతి ఇంకొకరు చూసుకుని ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. మధ్యలో వచ్చిన ఆదివారం పోస్టు బాబాయ్ అలవాటు ప్రకారం పాకలో బల్ల దగ్గర కూర్చుని ఆ వారం రీడింగుల కింద సంతకం పెట్టారు. మొదటి పూత ఆరుతున్న కొలకర్ర రెండు ఇటుకల మీద, ఆయన మోచేతికి ఒక గజం దూరంలో ఉంది.

ఏడాదిన్నర గడిచాక పడమటి మడుగును పూడ్చి గోదాములు కడతామని ఒక సంస్థ దరఖాస్తు పెట్టింది. వాళ్ళ ఇంజనీర్లు నడిఎండాకాలంలో ఒకే ఒక్క పూట వచ్చారు. నెర్రెలిచ్చిన మట్టికి పద్నాలుగు ఫొటోలు తీశారు. దరఖాస్తులో దాన్ని నిరుపయోగ భూమి అన్నారు. ఆ మాటకు నిర్వచనం ఇవ్వలేదు. ఎవరికి నిరుపయోగమో చెప్పలేదు.

మాకున్న ఆధారం ఒకే ఒక నిబంధన. ముప్పై సెంటీమీటర్లకు తగ్గని నీరు ఏడాదికి కనీసం నూట ఇరవై రోజులు, వరసగా మూడేళ్ళు నిలిచినట్టు రోజువారీ రీడింగులు చూపిస్తే అది చిత్తడినేల, దాన్ని పూడ్చరాదు. రీడింగు లేని రోజు నీరు లేని రోజుగా పరిగణించాలి. ఈ చివరి వాక్యం రాసినవాళ్ళెవరో నాకు తెలియదు. ఏ మడుగు పక్కనా వాళ్ళు ఒక ఉదయం నిలబడి ఉండరని మాత్రం తెలుసు. మా పుస్తకాల ప్రకారం మొదటి ఏడాది నూట నలభై ఒక్క రోజులు, రెండో ఏడాది నూట ఇరవై ఆరు, మూడో ఏడాది నూట ముప్పై మూడు. మూడేళ్ళూ నూట ఇరవై దాటాయి. బృందంలో చట్టం చదివినది నేనొక్కతినే కనుక ఫైలు నాకు అప్పగించారు. అందరూ నన్ను లాయరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. పట్టా చేతికొచ్చి అప్పటికి ఎనిమిది నెలలు.

ఫైలుకు ఫొటోలు కావాలని అడిగితే డ్రాయింగు మాస్టారు తన ఫోనులో ఉన్నవన్నీ పంపారు. అందులో ఆయనకు బాగా ఇష్టమైనది, ఇటుకల మీద ఆరుతున్న కొలకర్ర, ఎర్రటి అంకెలు. ఫొటో మీద తేదీ ఉంది. తేదీలు పోల్చడం నాకు రోగం లాంటిది. పుస్తకం తీసి చూశాను. ఆ తేదీకి రీడింగు ఉంది. దానికి ముందు రోజుకీ, తర్వాతి రోజుకీ ఉంది. మాస్టారిని అడిగాను, ఎప్పుడు తీశారు, ఎప్పుడు పాతారు అని. ఆయన గర్వంగా చెప్పారు, "తొమ్మిది రోజులు పట్టిందమ్మా. అందుకే చూడు, ఇప్పటికీ చెరగలేదు."

రెండో ఏడాది నూట ఇరవై ఆరులో తొమ్మిది తీసేస్తే నూట పదిహేడు.

పోస్టు బాబాయ్‌కి ముందు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"పదకొండేళ్ళలో తొమ్మిది రోజులు! సముద్రంలో కాకిరెట్టంత. వాళ్ళ వకీలు చూశాడా?"

"చూడలేదు."

"చూడడు కూడా. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వాళ్ళు అడగంది మనం వడ్డించడమెందుకే తల్లీ?"

"ఆ వారం కింద మీ సంతకం ఉంది బాబాయ్."

ఆయన ఆ పేజీ తీసి తన సంతకం చూసుకున్నారు. తర్వాత, "ఆ అమ్మాయి పోయిన వారం అది. ఎవరు మాత్రం చూస్తారు?" అన్నారు. నిందలేని గొంతుతో ఆయన చెప్పుకున్న సంజాయిషీ అదొక్కటే. అది చాలదని ఆయనకూ తెలుసు.

నేను రెండు ప్రమాణపత్రాలు టైపు చేశాను. మొదటిదానిలో పద్నాలుగో పేరా ఉంది: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు కొలకర్ర స్థానంలో లేదు, ఆ రీడింగులు చూసి రాసినవి కావు. రెండోదానిలో ఆ పేరా లేదు. పదమూడు తర్వాత పదిహేను పద్నాలుగైంది, అంతే. అబద్ధమని తెలిసిన ప్రమాణపత్రం దాఖలు చేయడం నేరమని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా టైపు చేశాను. నిర్ణయం ఆమెదేనని నాకు నేను చెప్పుకున్నాను. ఇలాంటి మాటలు చట్టం చదివినవాళ్ళకు తేలిగ్గా దొరుకుతాయి.

మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాను. గుండీ మిషను మీద తొడుగు ఉంది. తొడుగు మీద దుమ్ము లేదు. టేపక్క ఎవరిదో కోటు అస్తరు విప్పుతోంది. ఫొటో చూపించాను. పుస్తకంలో పేజీ చూపించాను. పేజీ పైసగం గుండీ రాత, గుండ్రంగా, ప్రతి అంకె కిందా అడగకుండానే గీసిన చిన్న గీత. కిందిసగం టేపక్క రాత. అందులో మూడు గడుల తర్వాత ఖాళీగా ఉన్న ఒక గురువారం.

ఆమె ఫొటోను చాలాసేపు చూసింది.

"అవును. మోసుకెళ్తుంటే పక్కకి జరిగాను," అంది.

తర్వాత, నాతో కాదు, "మరి నేనేం చూశాను?" అంది.

నేను నిబంధన చెప్పాను. నూట ఇరవై, నూట పదిహేడు చెప్పాను. పద్నాలుగో పేరా ఉంటే పడమటి మడుగు పోవచ్చునని చెప్పాను. లేకపోతే బహుశా నిలుస్తుందని, ఎప్పుడైనా బయటపడితే ఆమె మీద కేసు పెడతారని, పదకొండేళ్ళ పుస్తకాలూ చెత్తబుట్టకు పోతాయని చెప్పాను. ఆమె కత్తెర పక్కన పెట్టి రెండు పత్రాలనూ మొదటి నుంచి చివరి దాకా చదివింది. టేపు అంచును పంక్తి కింద ఆనించి, వరస తప్పకుండా, ఒక్కొక్క వాక్యం.

"మడుగు పోతే గుండీ ఏమంటుంది?" అని అడిగాను. అడగకూడని ప్రశ్న. సాక్షిని ఒకవైపు నెట్టే ప్రశ్న. ఏ వైపు నెడుతున్నానో నాకే తెలియదు.

"ఏమీ అనదు. పోయింది కదా." ఇస్త్రీపెట్టె తీగ ఊడదీసి గోడకు తగిలించింది. "అది తిరిగి చదవందే రాసేది కాదు. ఈ తొమ్మిదీ ఎవరూ తిరిగి చదవలేదు లాయరమ్మా."

పద్నాలుగో పేరా ఉన్నదాని మీద మూడు చోట్ల సంతకం పెట్టింది. రెండోదాన్ని నాకు తిరిగి ఇవ్వలేదు. తిప్పి చూసి, "వెనక ఖాళీగా ఉంది, చెయ్యి కటింగుకి పనికొస్తుంది," అని కోటు చేతి కొలత దాని మీద గీసుకోవడం మొదలుపెట్టింది.

విచారణ ఒక మంగళవారం పదకొండింటికి. పొడవాటి బల్ల, పనిచేయని మైకు, ఒకదానిలో ఒకటి దూర్చిన ప్లాస్టిక్ కుర్చీలు. సంస్థ తరఫు వకీలు మొదట అడిగాడు.

"మీరు టైలరు కదా? నీటి కొలతల్లో ఏమైనా శిక్షణ ఉందా?"

"లేదు. అంకెలు చదవడం వచ్చు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. అతనూ ఇంకేమీ అడగలేదు. పద్నాలుగో పేరా అతను చదవనేలేదు. చదివినది విచారణాధికారి. మంచి మనిషే, పెన్నుతో ఆ పేరా పక్కన ఒక గీత గీసి తలెత్తారు.

"కొలకర్ర లేనప్పుడు ఈ అంకెలు ఎక్కణ్ణించి వచ్చాయమ్మా?"

"నోట్లోంచి వచ్చాయి సార్."

"ఎందుకు రాశారు?"

"తెల్లారింది కదా సార్. తెల్లారితే రాస్తాం."

ఆయన ఇంకోలా అడిగారు. "ఆ తొమ్మిది రోజులూ నీళ్ళు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఎంత?"

"తెలీదు."

నేను లేచాను. ముందు రోజు నలభై ఎనిమిది, తర్వాతి రోజు నలభై నాలుగు. నడుమ తొమ్మిది రోజుల్లో నీరు ముప్పైకి దిగి, వాన లేకుండా మళ్ళీ నలభై నాలుగుకు ఎక్కడం ప్రకృతిలో సాధ్యం కాదని చెప్పాను. ఆ ఆదివారం మోకాలి లోతు నీళ్ళలో పదిహేడు మంది నిలబడి ఉన్నారని, వాళ్ళలో పదకొండు మంది ఇదే గదిలో కూర్చున్నారని చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. "నమ్ముతున్నానమ్మా. కానీ నిబంధనలో రీడింగు అనే ఉంది, నమ్మకం అని లేదు," అన్నారు. చట్టం చదువుకున్న అయిదేళ్ళలో నేను ఇష్టపడి నేర్చుకున్నది సరిగ్గా ఆ వాక్యమే. ఆ రోజు అది ఆయన నోట విన్నాను.

నలభై ఒక్క రోజులకు ఉత్తర్వు వచ్చింది. పన్నెండో పేజీలో, "సాక్షి నిజాయితీని ఈ విచారణ అభినందించుచున్నది" అని ఒక వాక్యం. దాని వెంటే, రెండవ సంవత్సరమునకు మూడు దినములు తక్కువైనందున పడమటి భాగము నిర్వచనములోనికి రాదని ఇంకొక వాక్యం. రెంటికీ నడుమ ఒక చుక్క తప్ప ఏమీ లేదు. పద్నాలుగు ఫొటోలవాళ్ళు ఏ రోజు నీరు లేదో నిరూపించనక్కరలేకపోయింది. ఒక్క పూట వచ్చినవాళ్ళు గెలిచారు. దాదాపు నాలుగు వేల ఉదయాలు వచ్చినావిడ తొమ్మిది ఉదయాల గురించి నిజం చెప్పి ఓడింది. అప్పీలు వేశాను. తీసుకున్నారు. పూడ్చడం ఆపమని మాత్రం అనలేదు.

ఉత్తర్వు కాపీ పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. టేపక్క పన్నెండో పేజీ చదివి, మడిచి ఇచ్చింది.

"బాబాయ్‌కి చెప్పావా?"

"చెప్పాను. నోరు మూసుకుని ఉంటే మడుగు దక్కేదన్నారు. తర్వాత ఏడ్చారు."

"పెద్దాయన. టీ ఏమైనా తాగించావా?"

"లేదు."

"తాగించాల్సింది," అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

లారీలు వచ్చేముందు కొలకర్ర తీసుకోవడానికి మాకు రెండు రోజులు గడువిచ్చారు. ఆదివారం పీకి, పాకలోకి మోసుకొచ్చాం. ఈసారి టేపక్క ఒక చివర పట్టుకుంది. దాన్ని తూర్పు మడుగులో పాతాలని నిర్ణయించాం. కానీ అక్కడ అడుగు మెత్తన, సిమెంటు దిమ్మె పోసి ఆరనివ్వాలి. వారం పడుతుంది. తాత్కాలిక బద్ద కోసం పాకంతా వెతికాం, దొరకలేదు. గుండీ దాన్ని ఎక్కడ దాచేదో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు నేను కూడా ఆరున్నరకు కట్ట మీదికి వెళ్ళాను. పడమటి వైపు మొదటి లారీ మట్టి దించుతోంది. కొంగలు రెండు లేచి, లారీ వెళ్ళాక మళ్ళీ అక్కడే వాలాయి. టేపక్క తూర్పు గట్టున నిలబడింది, మెడలో టేపు. టేపు తీసి నీళ్ళలో ముంచి కొలవవచ్చు కదా అన్న ఆలోచన నాకు వచ్చింది. ఆమెకు రాలేదు, లేదా వచ్చి ఊరుకుంది. ముందుకు వంగి నీళ్ళ వైపు చూసింది.

"కొలకర్ర లేదు," అంది పైకి.

ఇదివరకు ఇక్కడ ఆగేది. ఏడాదిన్నరకు పైగా ప్రతి పొద్దూ అంకె చెప్పాక, ఒక మనిషి తిరిగి చదివేంత సేపు ఊరుకుని అప్పుడు రాసేదని పోస్టు బాబాయ్ చెప్పేవారు. ఈసారి ఆగలేదు.

"కొలకర్ర లేదు, రాశాను," అని తనే తిరిగి చదివి, రాసింది. కింద చిన్న గీత గీసింది. పుస్తకం మూసి, జేబులో పెన్ను పెట్టుకుని, దుకాణం తెరవడానికి వెళ్ళిపోయింది.